మెంతుల వాసన వేసిన విమానం

ఫోన్ పెట్టేసి యామిని "వచ్చేసిందీ!" అని అరిచేలోపే, ఆమె మొగుడు ఓబుళేశు కుర్చీలోంచి లేచి, లుంగీ బిగించుకుని, ఎడమచెయ్యి వీపు వెనక పెట్టుకుని, కుడిచేతి చూపుడువేలు ఫ్యాను వైపు ఎత్తాడు.

"ఆగు! ఒక్క ముక్క చెప్పొద్దు. ఈ ఓబుళేశు మేధస్సు ముందు ఏ రహస్యమూ రహస్యంగా బతికి బట్టకట్టలేదు. నీ కళ్ళు మెరుస్తున్నాయి. ఎడమచెవి కమ్మ ఊగుతోంది. కాళ్ళు నేల మీద నిలవడం లేదు. దీన్నంతా కూడి, తీసి, భాగించి చూస్తే తేలేదేమంటే..." గుండెలనిండా ఊపిరి పీల్చుకున్నాడు. "మన గ్యాస్ సిలిండర్ వచ్చింది!"

"సిలిండర్ కాదు మహానుభావా! మైదుకూరు బడి వాళ్ళు! శనివారం రమ్మంటాండారు. పిల్లల ముందర విమానం ఎగరేసి చూపించాలంట. బాగా ఎగిరి, బాగా దిగితే ఉద్యోగం నాదే!"

ఓబుళేశు క్షణం కూడా తడబడలేదు. "నేను చెప్పబోయింది అదే. సిలిండరన్నది నీ దృష్టి మళ్ళించడానికి."

యామిని పడీపడీ నవ్వింది. ఆ సాయంత్రం ఎవరేమన్నా ఆమెకు నవ్వే వచ్చేది.

మైదుకూరు పొలిమేరలో కొత్తగా పెట్టిన ఆ బడిలో, పిల్లలకు చిన్న చిన్న విమానాలు కట్టడం, రిమోటుతో ఎగరేయడం నేర్పేందుకు మనిషి కావాలన్నారు. కర్నూలులో ఇంజనీరింగు చదివినన్నాళ్ళూ యామిని తరగతి గదిలో కంటే తుంగభద్ర ఇసుకలోనే ఎక్కువ కనబడేది. వేసవిలో నది ఎండితే అదే ఆమెకు రన్‌వే. చదువయ్యాక వచ్చిన పిలుపులన్నీ కంప్యూటరు వైపు చూస్తూ కూర్చునే ఉద్యోగాలకే. ఆకాశం వైపు చూసే ఉద్యోగం ఇదొక్కటే తగిలింది. అదీ పెళ్ళయిన కొత్తల్లో, కమలాపురంలోని అత్తగారింటి నుంచి బస్సులో పోయి రాగలిగినంత దూరంలో. ఇది జారిపోతే ఇలాంటిది ఇంకొకటి ఈ చుట్టుపక్కల పుట్టదని ఆమెకు బాగా తెలుసు.

ఇక మొగుడి సంగతి. ఓబుళేశు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్ల రీడింగు తీస్తాడు. మీటర్లు చదివేవాడికి మనుషుల్ని చదవడం ఒక లెక్కా అన్నది అతని సిద్ధాంతం. మీటరు మీద ఎర్రలైటు మిణుకుమనే తీరును బట్టి ఆ ఇంట్లో అబద్ధమాడేదెవరో చెప్పగలనంటాడు. ఇంతవరకూ చేపట్టిన పెద్ద కేసు ఒక్కటే. పోయిన ఏడాది వీధిలో చెప్పులు మాయమవుతుంటే, రోజుల తరబడి అరుగు మీద కాపు కాసి ఒక అనుమానితుణ్ణి గట్టిగా వాటేసుకుని పట్టుకున్నాడు. తీరా చూస్తే, ఆయన ఓబుళేశు తెప్పించుకున్న భూతద్దాన్ని ఇవ్వడానికి వచ్చిన కొరియర్ మనిషి. చెప్పులెత్తుకుపోతున్న కుక్క మాత్రం అన్ని రోజులూ ఓబుళేశు పక్కనే కూర్చుని శ్రద్ధగా కాపు కాసింది.

ఇదంతా పెళ్ళికి ముందే తెలిసినా యామిని సరేనంది. పెళ్ళిచూపుల్లో అదే భూతద్దంలోంచి ఆమె ముఖాన్ని పరీక్షించి "అనుమానించదగ్గది ఏమీ లేదు" అని తేల్చిన మనిషిని కాదనడం ఎట్లా? ఇప్పటికీ ఒకే గ్లాసులో తమ రెండు బ్రష్షులూ ఒకదాని మీద ఒకటి వాలి నిలబడి ఉంటే, పళ్ళు తోముకోవడం మరిచిపోయి చూస్తుండిపోతుంది.

విమానం కూడా ఆ ఇంటికి పెళ్ళి సారెతోనే వచ్చింది. కర్నూలు నుంచి లడ్లు, చెక్కలు, ఇత్తడి బిందె, రెండు కొత్త వెదురు చేటలతో పాటు ఒక పొడుగాటి అట్టపెట్టె దిగితే, అత్త లక్ష్మీదేవమ్మ అందులో పట్టుచీరెలుంటాయనుకుంది. తీరా తెల్లటి రెక్కలు బయటపడేసరికి కాసేపు నోరు తెరుచుకుని చూసింది. ఆ తర్వాత సారె చూడవచ్చిన అమ్మలక్కలందరికీ తలా ఒక లడ్డు చేతిలో పెట్టి, "ఇది మా కోడలి ఇమానం. తిరణాల బొమ్మ మాదిరి చేత్తో తిప్పేది కాదు, నిజంగా ఎగుర్తాది" అని చూపించడం మొదలుపెట్టింది. విమానం ఎగరడం ఆమె ఇంకా చూడలేదు. అయినా చెప్పడంలో మాత్రం ఒక్క మెట్టు కూడా దిగలేదు.

ఆ రాత్రి సంగటి తింటూ యామిని అత్తకు విషయం వివరించింది.

"ఇది కంపెనీ వాళ్ళు కట్టేసి పంపిన విమానం అత్తా. చూడ్డానికి బాగుంటాది గానీ లోపల జిగురు పూయడానికి వాళ్ళకు చెయ్యి రాదు. గట్టిగా నేలకు తగిలితే చక్రాల కాళ్ళు ఊడొచ్చేస్తాయి. మోటారు బిగించిన చెక్క కూడా ముక్కుతో సహా రాలిపోతాది. అందుకని ఎగరేసే ముందర మనమే గట్టి చేసుకోవాల."

లక్ష్మీదేవమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి, రెక్కను ఎత్తి లైటుకు అడ్డంగా పట్టి చూసింది. పల్చటి పొర వెనకాల సన్నటి చెక్క పుల్లలు వరసగా కనబడ్డాయి.

"లోపలంతా పుల్లలే గదమ్మీ!"

"పుల్లలే అత్తా. దాని మీద పొర కప్పినారు."

"శానా పల్చగా ఉండాది."

"శానా పల్చన" అని యామిని ఒప్పుకుంది. అక్కడితో ఆ మాట మరిచిపోయింది కూడా.

భోజనాలయ్యాక పనిలో పడింది. మోటారు చెక్క వెనక మూలల్లో చిన్న చెక్క ముక్కలు అతికించింది. రెండు గొట్టాల జిగురు కలిపి, చక్రాల కాళ్ళు బిగించే పలక చుట్టూ పట్టించి, దాని మీద మందుల అంగట్లో కొన్న కట్టుగుడ్డ పేలికను పరిచి మళ్ళీ జిగురు అద్దింది. తోక జోలికి మాత్రం పోలేదు. తోక బరువెక్కితే విమానం గాలిలో ముక్కు పైకెత్తి, వెనక్కి కూలబడుతుంది. ఎక్కడ గట్టి చెయ్యాలో తెలియడం ఎంత ముఖ్యమో, ఎక్కడ చెయ్యి పెట్టకూడదో తెలియడం అంత ముఖ్యం ఈ పనిలో.

ఓబుళేశు కూడా సాయం చేశాడు. సాయం ముగిసేసరికి అతని చూపుడువేలు, బొటనవేలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి.

"ఏమయింది?"

"నేరస్తులు వేలిముద్రలు ఎలా దాచుకుంటారో పరీక్షిస్తున్నాను" అన్నాడు గంభీరంగా. తర్వాత నెమ్మదిగా, "ఊడొస్తాదా యామినీ?" అన్నాడు. కేసుల గురించి మాట్లాడేటప్పుడు అతని నోట పుస్తకాల తెలుగు పలికేది. భయం వేస్తే కమలాపురం తెలుగు బయటికొచ్చేది.

శుక్రవారం పొద్దున ఇద్దరూ బండి మీద కడప పోయారు. విమానం ముక్కున తిరిగే రెక్క విరిగితే వేయడానికి మారుది ఒకటి కొన్నారు. ఎర్రకారం దోసె తిన్నారు. కారానికి ఇద్దరి కళ్ళల్లో నీళ్ళు తిరిగితే, కొత్త దంపతుల మధ్య అప్పుడే ఏమి తగాదా వచ్చిందోనని పక్క బల్లవాళ్ళు జాలిపడ్డారు. మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి విమానం నడిమింటి మంచం మీద, ఉంచిన చోటే ఉంది.

కానీ తెల్లగా లేదు.

రెక్కలూ తోకా బూడిదరంగులో, అక్కడక్కడా పసుపు చారలతో, గరుకుగా, ఎండిన చెరువు అడుగులాగా ఉన్నాయి. యామిని చేతిలోకి ఎత్తుకుంది. బండరాయిలా ఉంది. రెక్క కింద రెండు వేళ్ళు ఆనించి పట్టుకుంది. బరువు సమంగా ఉంటే విమానం వేళ్ళ మీద తక్కెడలా నిలబడాలి. ఇది తోక మీదికి ఒరిగి వెనక్కి జారిపోయింది.

"ఇది ఎగరదు" అంది. "రేపే పోవాల. ఇది ఎగరదండీ."

ఓబుళేశు ఆమె ముఖం చూసి ఒక్క క్షణం నిజంగానే కదిలిపోయాడు. మరుక్షణం లోపలి డిటెక్టివ్ నిద్రలేచాడు. తలుపు మూశాడు. కిటికీ మూశాడు. గదిలో ఏమీ కనబడకపోయేసరికి మళ్ళీ కిటికీ తెరిచాడు.

"విధ్వంసం!" అన్నాడు. "నీ భవిష్యత్తు మీద పడిన చీకటి హస్తం! ఎవరూ దేన్నీ ముట్టుకోవద్దు. అమ్మా! ఇట్లా రా!"

వంటింట్లోంచి కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ, చిరునవ్వుతో లక్ష్మీదేవమ్మ వచ్చింది. ఏదో చెప్పబోతున్నట్టు నోరు తెరిచింది.

"అమ్మా, మన ఇంట్లో ఘోరమైన నేరం జరిగింది. ఇది చేసిన దుర్మార్గుడు ఎక్కడున్నా వదిలిపెట్టను. సంకెళ్ళు వేయిస్తా! జైల్లో చిప్పకూడు తినిపిస్తా!"

లక్ష్మీదేవమ్మ నోరు మూసుకుంది. చిరునవ్వు కూడా ఎటో పోయింది.

"నువ్వేమైనా చూసినావా అమ్మా?"

"నేనా? నేను... పెరట్లో ఉంటి" అని ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఓబుళేశు భూతద్దం తీసి రెక్కను అంగుళం అంగుళం గాలించాడు. ఆ తర్వాత ముక్కు ఆనించి వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. అతని ముఖం వెలిగిపోయింది.

"మెంతులు!"

"మెంతులా?"

"స్పష్టంగా మెంతులు. ఇప్పుడు ఆలోచించు యామినీ. పొద్దున్నే మెంతులు ముట్టుకునేదెవరు? షుగర్ ఉన్నవాళ్ళు! రాత్రి నానబెట్టి పరగడుపున నములుతారు. కాబట్టి మన నేరస్తుడు షుగర్ రోగి. తీపి తినలేని కసితో ఇతరుల తీపి వార్తలను నాశనం చేసేవాడు. కేసు సగం అయిపోయింది."

మిగతా సగానికి వీధిలోకి బయలుదేరాడు. అతణ్ణి ఒంటరిగా వదిలితే ఏమి తెచ్చుకుంటాడో తెలియదు గనక యామిని కూడా వెంట నడిచింది.

మొదట ఎదురుగా ఉన్న మందుల అంగడి హనుమేష్.

"హనుమేష్! నిజం చెప్పు. మెంతులు తింటావా?"

"తింటాండా. రోజూ తింటాండా. ఏమప్పా, నీకూ వచ్చిందా షుగర్? పెళ్ళయి ఇంకా ఎన్నాళ్ళు కాలేదే పాపం."

"నా సంగతి కాదు! నేరాన్ని అంగీకరిస్తున్నావా?"

"మెంతులు తినేది నేరమైతే ఈ వీధంతా జైల్లో కూసోవాల. షుగర్ లేనోడు యాడుండాడప్పా ఈడ? పోయిన వారం పరీక్ష చేయించుకున్నోళ్ళంతా నా అంగట్లోకే వచ్చినారు. చెప్పమంటే పేర్లు చెప్తా."

ఓబుళేశు బయటికొచ్చి గుసగుసగా, "చూశావా? ఇది ఒక్కడి పని కాదు. ముఠా!" అన్నాడు.

"షుగర్ ముఠానా?"

"నవ్వకు. ముఠా నాయకుడెవరో నాకు తెలుసు. ఆకాశంలో నీకు పోటీ ఎవరు? డ్రోన్ ఎగరేసేవాడు!"

పక్కింటి జయకుమార్ పెళ్ళిళ్ళకు ఫోటోలు తీస్తాడు, పైనుంచి తీసేందుకు డ్రోన్ కూడా ఉంది. యామిని పెళ్ళిలో తలంబ్రాలు పోసే సమయానికి ఆ డ్రోన్ పందిరి గుడ్డలో ఇరుక్కుపోయి, ఆల్బం మొత్తం బంధువుల బట్టతలలతో నిండిపోయింది. ఆ పగ ఓబుళేశు కడుపులో ఉంది. ఇప్పుడు అరుగు మీద కూర్చుని జయకుమార్ కెమెరా తుడుచుకుంటున్నాడు. పక్కన మంచం మీద అతని తల్లి రాహేలమ్మ చింతచిగురు ఏరుతోంది.

"జయకుమార్! ఈ రోజు ఉదయం నుంచి మధ్యాహ్నం వరకూ నీవు ఎక్కడ ఉన్నావు?"

"ఎర్రగుంట్లలో. సీమంతం ఫోటోలు తీస్తాంటి. ఏమప్పా, మీటరు చూడాలంటే వెనకాల ఉండాది, పో."

"సాక్షులున్నారా?"

"ఊరు ఊరంతా ఉండాది. కడుపులో ఉన్న బిడ్డనూ కలుపుకో కావాలంటే."

"హాస్యాలాడితే నిజం దాగదు! నీ ఇంట్లో షుగర్ ఉందా, లేదా?"

రాహేలమ్మ తలెత్తింది. "నాకుండాది నాయనా. దేవుడిచ్చినాడు, మోస్తాండా. ఏం?"

"అయితే మెంతులు తింటారు!"

"తింటాంటి. ఈ పొద్దు మాత్రం తినలేదు. ఉన్న మెంతులన్నీ పొద్దున్నే మీ యమ్మే తీసకపాయ. చేటలు అలకాలంటాండె."

"విషయం మార్చొద్దు పెద్దమ్మా!" అని ఓబుళేశు వేలు ఆడించాడు. "మా అమ్మనూ ఆమె చేటలనూ ఇందులోకి లాగడం మర్యాద కాదు!"

యామిని మాత్రం అక్కడే నిలబడిపోయింది.

చేటలు! కొత్త వెదురు చేట ఇంట్లోకి వస్తే దాన్ని అట్లాగే వాడరు. కాగితాలు నానబెట్టి, మెంతులతో కలిపి రుబ్బి, ఆ ముద్దతో అలికి, చిటికెడు పసుపు కూడా పూసి ఎండబెడతారు. సందులు పూడిపోతాయి, పుల్లలు గట్టిపడతాయి. అలకని చేటను వాడే ఇల్లాలిని సోమరిపోతంటారు. ఆ కొత్త చేటలు సారెలో వచ్చాయి. విమానమూ సారెలోనే వచ్చింది. దాని నిండా పుల్లలే. "శానా పల్చన" అన్నది ఎవరు? తనే!

ఓబుళేశు జయకుమార్ మేనల్లుడి షుగర్ దాకా పోతుండగా, యామిని నెమ్మదిగా జారుకుని తమ పెరట్లోకి వెళ్ళింది. గోడకు ఆనించి రెండు చేటలు ఎండుతున్నాయి. అదే బూడిదరంగు, అవే పసుపు చారలు. వాటి ముందు లక్ష్మీదేవమ్మ గొంతుక్కూర్చుని, కొంగు చాటు చేసి కనబడకుండా చెయ్యాలని చూస్తోంది. రెండు చేటలు, ఒక కొంగు. చాలలేదు.

"ఏం చేస్తాండావత్తా?"

"ఏం లేదమ్మీ. ఊరికే, గాలికి కూసున్నా." కాసేపు నేల గీకింది. తర్వాత ఎటో చూస్తూ, "ఓబుళేశుడు అంటాండాడే, ఆ దుర్మార్గుడు... జైలు ఎన్నాళ్ళు ఏస్తారంట?" అని అడిగింది.

యామిని అత్త పక్కనే మోకాళ్ళ మీద కూర్చుంది.

"వాళ్ళు మంచి మనసుతో చేసుంటే ఏమీ ఎయ్యరత్తా."

"మంచి మనసుతోనే చేసుంటారు! రెండుసార్లు అలికినట్టుండారు, తోక కూడా వదల్లేదు. కష్టం ఉత్తిత్తిది కాదు. ఆ పిల్ల దూరం పోయి పదిమంది ముందర ఎగరేసేటప్పుడు ఇరగకూడదని... అట్లా అనుకునుంటారు పాపం."

యామిని చేట మీది అలుకును గోటితో గీకి చూసింది. తడిగుడ్డ పెట్టి ఆ అలుకంతా నానబెట్టి గీకేస్తే అత్త కళ్ళ ముందే అత్త ప్రేమను గీకేసినట్టు. కాపురానికొచ్చి ఎన్నాళ్ళయిందని? గీకకపోతే రేపు మైదుకూరులో పిల్లలంతా చూస్తుండగా విమానం ముక్కెత్తి కూలబడుతుంది, ఉద్యోగం పోతుంది. ఆమె ఆలోచించి ఆలోచించి మూడో దారి పట్టింది. ఒకసారి ఎగరేసి చూద్దాం. ఈ బరువుతోనూ ఎట్లాగో ఎగిరిందా, ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు.

ఇంటి వెనకాల ఒక కళ్ళం ఉంది, ఎవరో నాపబండలు పరిచి సగంలో వదిలేసింది. యామిని విమానాన్ని దాని మీద నిలబెట్టి, బ్యాటరీ తగిలించి, రిమోటు పక్కన బండమీద పెట్టి, గాలి ఎటుందో చూడ్డానికి పిడికెడు దుమ్ము తీసి పైకి చల్లింది. సరిగ్గా అప్పుడే సందులోంచి ఊరేగింపు వచ్చింది. ముందు ఓబుళేశు, వెనక జయకుమార్, కర్ర పట్టుకుని రాహేలమ్మ, షుగర్ ముఠా అన్న మాట చెవినపడి, అంగడి వదిలేసి తమాషా చూడ్డానికి వచ్చిన హనుమేష్. శబ్దం విని లక్ష్మీదేవమ్మ కూడా పెరటి తలుపులోంచి తొంగిచూసింది.

"అందరూ ఇలా వరుసగా నిలబడండి!" అన్నాడు ఓబుళేశు. "ఇప్పుడు నేరాన్ని మళ్ళీ జరిపించబోతున్నాను. జయకుమార్, నువ్వు నేరస్తుడివి. నడువు!"

"యాడికి నడిచేది?"

"పశ్చాత్తాపం వైపు!"

"అది ఎటుండాదో చూపించప్పా, ఎండగా ఉండాది."

"ఏమండీ, రిమోటు దగ్గరికి పోవద్దు" అని యామిని కేకేసింది.

"రిమోటా?" ఓబుళేశు వంగి దాన్ని తీసుకున్నాడు. "ముఖ్యమైన సాక్ష్యం ఇలా బయట పడేస్తారా? నా దగ్గర భద్రంగా ఉంటుంది." అని దాన్ని చంకలో ఇరికించుకుని, లోతుగా ఆలోచించేందుకు వీలుగా రెండు చేతులూ కట్టుకున్నాడు.

చంకలో ఒత్తుకుని, రిమోటు మీద మోటారు వేగం పెంచే పుల్ల పైదాకా జరిగింది.

విమానం ఒక్కసారి గుర్రుమని నాపబండల మీద పరుగు తీసింది. హనుమేష్ ఒక పక్కకు దూకాడు, జయకుమార్ ఇంకో పక్కకు. రాహేలమ్మ కర్ర ఎత్తి "ఏసయ్యా!" అంది. బండకూ బండకూ మధ్య సందులున్నాయి. ఆ సందుల మీద చక్రాలు దబదబమన్నప్పుడల్లా రెక్కలు అదిరి, వాటి మీది అలుకు చిట్లింది. చేట వెదురుకు అతుక్కునే ముద్ద, నున్నటి ప్లాస్టిక్ పొరను ఏం పట్టుకుంటుంది? ముందు చిన్న పెళ్ళలు రాలాయి. తర్వాత ముక్కున తిరిగే రెక్క గాలికి తోక మీది అలుకంతా పెచ్చులుగా లేచిపోయింది. చివరికి ఎడమరెక్క మీదిది ఒక్క పలకగా ఊడి, అప్పడంలా గాలిలో తేలుకుంటూ వచ్చి ఓబుళేశు ముఖానికి ఫటేల్మని తగిలింది.

"చచ్చినా! యామినీ, నాకేం కనబడ్డంల్యా!"

విమానం తేలికైపోయి నేల వదిలింది.

"రిమోటు! ఇట్లియ్యండి!" యామిని పరుగెత్తివచ్చి మొగుడి చంకలోంచి రిమోటు లాక్కుంది. విమానం అప్పటికే హనుమేష్ అంగడి పైకప్పు వైపు పోతోంది. ఆమె దాన్ని పక్కకు వాల్చింది, చుట్టూ తిప్పింది, కుడిరెక్క మీద మిగిలిన పెళ్ళలు కూడా విదిలించుకునేలా ఒక మలుపు తిప్పింది. ఆమె వేళ్ళకు తుంగభద్ర ఇసుక గుర్తుంది.

కింద ఇంకొక పరుగు సాగుతోంది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, రాలిన పెళ్ళలను ఏరుకుంటూ, విమానం నీడ వెంట లక్ష్మీదేవమ్మ పరుగెత్తుతోంది.

"అయ్యయ్యో, నా అలుకంతా పాయెనే! పొద్దున్నంతా నడుం పట్టుకుపోయేటట్టు కూసోని అలికితినే! రెండు పూతలు పూస్తినే!"

కళ్ళంలో ఉన్నవాళ్ళంతా ఆమె వైపు తిరిగారు. పైన విమానం ఒక్కటే రొద చేస్తోంది.

లక్ష్మీదేవమ్మ ఆగిపోయింది. చేతిలోని పెళ్ళల వైపు చూసుకుంది. తర్వాత అందరి వైపూ చూసింది. తర్వాత పెళ్ళలను నెమ్మదిగా వీపు వెనక దాచింది.

ఓబుళేశు ముఖం మీది పలకను ఒలుచుకుని, ముక్కు మీద మిగిలిన మెంతి ముద్దను తుడుచుకుని, చూపుడువేలు ఆకాశానికి ఎత్తాడు. "నేను మొదట్నుంచీ చెబుతున్నాను, నేరస్తుడు ఇంట్లోనే ఉన్నాడని! ఆమెచేత ఆమె నోటితోనే ఒప్పించడానికే నేను ఈ యంత్రాన్ని..."

"చంకలో పెట్టుకున్నావు" అన్నాడు జయకుమార్.

"ఉద్దేశపూర్వకంగా!"

"నాకు షుగర్ ముఠా అని పేరు పెట్టింది కూడా ఉద్దేశపూర్వకమేనా?" అన్నాడు హనుమేష్.

"రేయ్, నన్ను పట్టుకున్నావు గదా?" అని లక్ష్మీదేవమ్మ అప్పటికి తేరుకుని కొడుకు మీదికి వచ్చింది. "సంకెళ్ళు తెచ్చినావా? తీసకరా! చిప్పకూడు తినిపిస్తానంటివే. నేను జైల్లో కూసోని ఆ చిప్పకూడన్నా తింటా, నీకు సంగటి గెలికేదెవరో చూస్తా!"

"అమ్మా, కేసు కొట్టేస్తున్నా. సాక్ష్యాలు సరిపోలేదు."

"శానా సంతోషం" అంటూ రాహేలమ్మ ఆ పలకను కర్రతో తిప్పి చూసింది. "లక్ష్మీదేవీ, నా మెంతులన్నీ దీనికి పోసినావా?"

ఇంతలో విమానం దిగే సమయమైంది. బండల మీద సందుల్లేని జాగా కోసం చూసింది యామిని. అట్లాంటిది లేదు. ఉన్నదాంట్లోనే దించింది. చక్రాలు బండ అంచుకు గట్టిగా తగిలి, ఒకసారి ఎగిరిపడి, మళ్ళీ తగిలి, గీసుకుంటూ వచ్చి ఆగాయి. ఆమె పరుగెత్తి విమానాన్ని తిరగేసింది. కంపెనీ జిగురైతే ఈ పాటికి కాళ్ళు ఒకచోట, పొట్ట ఒకచోట ఉండేవి. ఇప్పుడు పలక ఇసుమంతైనా కదల్లేదు. మోటారు చెక్కను బొటనవేలితో నొక్కి చూసింది. అదీ గట్టిగానే ఉంది. ఆమె అక్కడే బండ మీద చతికిలబడి గట్టిగా నవ్వేసింది.

లక్ష్మీదేవమ్మ వచ్చి పక్కన నిలబడింది. ఇప్పుడు గొంతులో కోపం లేదు.

"చెడగొట్టినానా అమ్మీ?"

అబద్ధం చెప్పడం చాలా సులువు. కానీ ఈ ఇంట్లో ఇంకా చాలా ఏళ్ళుండాలి కదా అనుకుంది యామిని.

"చెడగొట్టబోయినావత్తా" అంది. "అలుకు బాగనే ఉండాది. కానీ ఇది గాలిలో తేలాల. బరువు ఎక్కితే లేవదు. వెనక బరువైతే కూలబడతాది. గట్టి చేసేటప్పుడు ముందు, పొట్ట కింద, అంతే. రెక్కలకు ఆ పల్చదనమే బలం."

"మరి చెప్పొచ్చు గదా, నేను పెరట్లో కూసోని మాట్లాడించినప్పుడు?"

"నీకు బాధయితాదని."

"నాకు బాధయితాదని నువ్వు నోరు మూసుకుంటివి. వీడు జైల్లో ఏస్తాడని నేను నోరు మూసుకుంటి." లక్ష్మీదేవమ్మ మోకాళ్ళు పట్టుకుని కోడలి పక్కనే కూర్చుంది. "మనిద్దరం ఇట్లా మూసుకుంటా పోతే ఇంట్లో వీడొక్కడే మాట్లాడతాడు. అది మనిద్దరికీ మంచిది కాదమ్మీ."

యామిని ఆమె భుజం మీద తల వాల్చి మళ్ళీ నవ్వింది. అత్త చేతులకు, చీరకు, జుట్టుకు ఎక్కడ చూసినా మెంతుల వాసనే.

"అయితే అది ఎగుర్తాంటే చూసినా" అంది లక్ష్మీదేవమ్మ కాసేపటికి, ఎవరితోనో రహస్యం చెబుతున్నట్టు. "అంతమందికి చెప్పినా గానీ, నాకే లోపల నమ్మకం ల్యాకుండె."

"రేపు ఇంకా దగ్గర్నుంచి చూద్దువు. నువ్వూ మైదుకూరు వస్తాండావు. మోటారు వేగం అందుకునేదాకా ఎవరో ఒకరు తోక పట్టుకుని నిలబడాల. నేను వదలమన్నప్పుడు వదలాల. అంతకు ముందు వదలకూడదు. నీ చెయ్యి గట్టిది."

లక్ష్మీదేవమ్మ నాపబండల మీద కూర్చునే కొంగు సర్దుకుంది, మెడ నిలబెట్టింది, రాహేలమ్మ వింటోందో లేదో ఓరకంట చూసుకుంది. అప్పుడు "తొలి బస్సుకే పోదాం" అంది.

అంతవరకూ జయకుమార్‌తో క్షమాపణల గురించి బేరమాడుతున్న ఓబుళేశు అది విని దగ్గరికొచ్చాడు. ముక్కు చివర ఇంకా కాస్త మెంతి ముద్ద అంటుకునే ఉంది.

"అంటే రేపటి కార్యక్రమంలో నీ చేతిలో రిమోటు, అమ్మ చేతిలో తోక. మరి నా చేతుల్లో?"

యామిని లేచి, తన కొంగుతో అతని ముక్కు తుడిచింది. పదిమంది చూస్తున్నా సిగ్గుపడలేదు.

"మీ రెండు చేతులూ మీ రెండు జేబుల్లో" అంది. "కమలాపురంలో బస్సెక్కేటప్పుడు పెట్టుకోవాల. మళ్ళీ ఇంటికొచ్చినాకే బయటికి తియ్యాల. టికెట్టు నేనే తీస్తా."